మెట్ల కింద సవతి

మేస్త్రి అంటే ఆ వీధిలో ఒకడే. ఇళ్ళు కట్టే మేస్త్రులూ, రంగులు వేసే మేస్త్రులూ ఎంతమంది ఉంటే ఏం, ఉత్త ‘మేస్త్రి’ అంటే మోటారుసైకిళ్ళ మేస్త్రే. బండి ఇంకా వీధి మలుపు తిరగకముందే, లోపల కూర్చుని చప్పుడు విని, “వాల్వు వదులైంది, వస్తున్నాడు మహానుభావుడు” అనేవాడు. మనిషి మాత్రం మాటల విషయంలో పరమ పీనాసి. బండితో మాట్లాడినన్ని మాటలు మనిషితో ఏనాడూ మాట్లాడలేదు. ఇంజన్ మీద చెయ్యి వేసి “ఏంట్రా, ఎక్కడ నెప్పి?” అని అడిగేవాడు గానీ, కట్టుకున్న ఆవిడ జ్వరంతో ముసుగుతన్ని పడుకుంటే ఆ ముక్క అడగాలని తోచేది కాదు. చెడ్డవాడని కాదు. తోచదు, అంతే. ఇలాంటివాళ్ళతో వచ్చిన తంటా ఏమిటంటే, తిడదామన్నా సరైన కారణం దొరకదు.

ఇల్లూ షాపూ ఒకటే. ముందు షట్టరు గది, వెనక రెండు చిన్న గదులు, పక్కగా మేడ మీదికి మెట్లు. మెట్ల కింద, నడుం వంచితే గానీ దూరలేని కొట్టు. వెనక గదిలో కిటికీ పక్కన ఆవిడ కుట్టుమెషీను. పిల్లలు లేరు. పొద్దున్నుంచీ ముందు గదిలో ఈయన సుత్తి చప్పుడు, వెనక గదిలో ఆవిడ మెషీను చప్పుడు. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. మాటలే పెద్దగా అటూ ఇటూ తిరిగేవి కావు.

ఆవిడ పోయి ఏడాది అయింది. పోయిన రోజు ఇల్లంతా జనం. ఆవిడ తమ్ముడు, అంటే మేస్త్రి బావమరిది, గుమ్మంలో నిలబడి ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కసారిగా తలెత్తాడు. “మెట్ల కింద దాచుకున్నావే ఒక ఇనపముక్క, దాన్ని చూసుకున్నట్టయినా మా అక్కని చూసుకున్నావా బావా?” అని అందరి ముందూ అనేశాడు.  

బావమరిది పరాయివాడా అంటే కాదు. నాలుగు వీధుల అవతల లేత్ షాపు. అరిగిన బుష్షు, విరిగిన షాఫ్టు, ఏదైనా మేస్త్రి అక్కడికే పంపేవాడు. ఇద్దరి మధ్యా ఎప్పుడూ పరాచికాలే. ఆ మాటతో అన్నీ ఆగిపోయాయి. మేస్త్రి షట్టరు దించేశాడు. బళ్ళు తెచ్చినవాళ్ళు తలుపు తట్టి తట్టి వేరే చోటికి వెళ్ళారు. ఆయన కాస్త ఏదో ఉడకేసుకుని, తినీ తినక, ముందు గదిలో స్టూలు మీద కూర్చునేవాడు. వెనక గదిలోకి పడుకోవడానికి తప్ప వెళ్ళేవాడు కాదు. అక్కడ మెషీను మీద ఆవిడే కుట్టిన ముసుగు అలాగే ఉంది. దాని వైపు చూడకుండా వచ్చి పడుకునేవాడు.

ఆ ఇనపముక్క సంగతి చెప్పాలి. పెళ్ళికి ముందు మేస్త్రికి ఒక మోటారుసైకిలు ఉండేది. అప్పటికే పాతది, ఒక్క సిలిండరుది, కిక్కు కొడితే ఇంటి సున్నం రాలేంత చప్పుడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాడు. ఆ రోజుల్లో మాటలు కూడా కాస్త వచ్చేవట, ఆవిడే చెప్పేది. ఒకరోజు లారీ వెనక్కి వస్తూ ఆగి ఉన్న బండిని తొక్కేసింది. చట్రం తుక్కుతుక్కు. ఇంజన్‌కి మాత్రం గీత పడలేదు. మేస్త్రి దాన్ని విప్పి చెక్కపెట్టెలో పెట్టి, కార్బ్యురేటరు ఒక డబ్బాలో వేసి, మెట్ల కిందికి తోశాడు. మంచి చట్రం దొరగ్గానే మళ్ళీ కడతానన్నాడు. ఆవిడ టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడింది.

“ఇలా పెట్టేస్తే పాడైపోదా?” అని అడిగింది.

“నెలకోసారి నాలుగు చుక్కలు నూనె పోసి రెండు తిప్పులు తిప్పకపోతే పట్టేస్తుంది. పిస్టను తుప్పుపట్టి సిలిండరుకి అతుక్కుపోతుంది. నేను చూసుకుంటాలే” అన్నాడు.

చూసుకున్నాడా? నా తలకాయ చూసుకున్నాడు. వచ్చిన ప్రతి బండీ బాగుచేశాడు గానీ తన పెట్టె మూత మళ్ళీ తియ్యలేదు. ఈ నెల కాదు పై నెల, ఈ ఏడు కాదు పై ఏడు. కొన్నాళ్ళకి దాన్ని తలచుకుంటేనే సిగ్గేసి ఆ కొట్టు వైపు వెళ్ళడం మానేశాడు. చీపుర్లూ, గుడ్డపీలికల సంచులూ పెట్టుకుంటూ ఆవిడే వెళ్ళేది. ఆ ఇంజన్‌కి ఆవిడ పెట్టిన పేరు సవతి. “మా సవతి మెట్ల కింద మహరాణిలా ఉంది, నేనే ఇక్కడ చాకిరీ చేస్తున్నా” అని వచ్చినవాళ్ళతో అనేది. అందరూ నవ్వేవాళ్ళు. మేస్త్రి మాత్రం, దీనికి ఆ ఇంజన్ అంటే కడుపుమంట అనుకునేవాడు.

ఏడాదిపాటు బావమరిది మాట ఆయన చెవిలో తిరుగుతూనే ఉంది. ఒకరోజు పొద్దున్నే స్టూలు మీద కూర్చుని ఉండగా అది ఇంకో రకంగా తిరిగింది. ‘ఆవిడని చూసుకోలేదు, ఒప్పుకున్నాను. కనీసం ఆ ఇనపముక్కనైనా చూసుకున్నానా?’  నా చేతిలో పాడవకుండా మిగిలింది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటైనా ఉందా? అది కూడా పట్టేసి ఉంటే ఇక ఈ చేతులు దేనికి? అలా అనుకున్నాక ఆయన కూర్చోలేకపోయాడు. లేచి వెళ్ళి, నడుం వంచి, మెట్ల కింద నుంచి పెట్టెని బయటికి లాగాడు.

పట్టేసే ఉంటుందని ఆయనకి నూటికి నూరుపాళ్ళూ నమ్మకం. అందుకే డీజిలూ ఇంజనాయిలూ కలిపి సీసాలో పట్టుకొచ్చాడు. ప్లగ్గు రంధ్రంలో పోసి వారం నానబెట్టి, చెక్క అడ్డంపెట్టి మెల్లగా తట్టాలి. కదిలితే అదృష్టం. ప్లగ్గు ఊడదీయడానికి పొడుగు పిడి ఉన్న పానా కూడా తెచ్చి, బలమంతా కూడగట్టుకుని తిప్పాడు. ప్లగ్గు చటుక్కున తిరిగిపోయింది. మేస్త్రి ముందుకు తూలి గోడకి నుదురు కొట్టుకున్నాడు. ప్లగ్గు చేతి బిగువు మీదే ఉంది!

నుదురు రుద్దుకుంటూ, కిక్కురాడ్డు మీద చెయ్యి వేసి నొక్కాడు. అది మెత్తగా కిందికి దిగింది. లోపల పిస్టను పైకి వచ్చి ప్లగ్గు రంధ్రం లోంచి ఉఫ్‌మని గాలి వదిలింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఉఫ్. ఇన్నేళ్ళు పడుకున్న ఇంజన్ నిన్ననే ఆపినట్టు తిరుగుతోంది.  వేలు లోపల పెట్టి తీస్తే వేలికి పల్చటి, రంగులేని నూనె అంటింది. కార్బ్యురేటరు కూర్చునే రంధ్రానికీ, పొగగొట్టం కూర్చునే రంధ్రానికీ గుడ్డతో చేసిన బిరడాలు. చుట్టూ అంచు మడిచి కుట్టి, లోపల దూది కూరి, పట్టుకుని లాగడానికి చిన్న నాడా కూడా కుట్టి ఉంది.

ఇంత చూశాక ఎవరికైనా తెలియాలా వద్దా? చంటిపిల్లకైనా తెలుస్తుంది. మన మేస్త్రికి తెలియలేదు! ఆయన కోపంగా లేచాడు. తన ఇంజన్ మీద తనకి తెలియకుండా చెయ్యి వేసింది ఎవడు? ఈ పని తెలిసినవాడు, ఈ ఇంట్లో చనువుగా తిరిగినవాడు ఒక్కడే. చూసుకున్నావా అని నలుగురిలో నిలదీసి, తను మాత్రం దొంగచాటుగా చూసుకుంటూ వచ్చాడన్నమాట. సిలిండరూ, దాని మీది హెడ్డూ విప్పి, సంచిలో వేసుకుని లేత్ షాపుకి బయల్దేరాడు.

బావమరిది లేత్ మీద ఏదో షాఫ్టు కోస్తున్నాడు. ఏడాది తర్వాత గుమ్మంలో బావని చూసి మెషీను ఆపేశాడు.  మేస్త్రి సంచిలోంచి సామాను తీసి బల్ల మీద పెట్టాడు.

“ఎందుకురా నాకు చెప్పకుండా దీన్ని తిప్పుతూ వచ్చావు?”

“దేన్ని?”

“నాటకాలాడకు. నూనె పోశావు, తిప్పావు, బిరడాలు పెట్టావు.”

“నీకేమైనా మతిపోయిందా బావా? దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళుమంట. నేనెందుకు ముట్టుకుంటాను?” అంటూ బావమరిది సిలిండరు చేతిలోకి తీసుకుని లోపల వేలు పెట్టాడు. వేలి మీది నూనె రుద్ది చూశాడు, వాసన చూశాడు. ముఖం మారిపోయింది.

“ఇది ఇంజనాయిల్ కాదు. కుట్టుమెషీను నూనె.”

మేస్త్రి కూడా వేలు పెట్టి వాసన చూశాడు.

“ఎప్పుడూ నాచేతే తెప్పించుకునేది. ఒక్క మెషీనుకి ఇన్ని సీసాలేంటే అక్కా, తాగుతున్నావా అంటే, మా సవతికి తలకి నూనె రాయాలిరా అనేది. వేళాకోళం అనుకున్నాను బావా.” బావమరిది సిలిండరు కింద పెట్టాడు. హెడ్డులోంచి ఒక బిరడా లాగి, నూనె మరకల మధ్య గుడ్డ ఎలాంటిదో చూద్దామని వెలుగులో పెట్టాడు. నీలం గళ్ళ గుడ్డ.

ఆ గుడ్డ తన ఏ చొక్కాదో మేస్త్రికి తెలుసు. ఆవిడ మంచం పట్టడానికి కొంచెం ముందు ఆ చొక్కా కోసమే ఇల్లంతా వెతికి అరిచాడు. చంక దగ్గర చిరిగింది, పారేశానండీ అంది. చెప్పకుండా ఎందుకు పారేశావని ఆ పూట అన్నం మానేశాడు కూడా. పొద్దున్నుంచీ చేతిలో పెట్టుకుని కూడా ఆ గళ్ళు చూడని మనిషి, ఇప్పుడు లేత్ షాపు బల్లకి ఆనుకుని, ఇనప రజను మీద కూలబడి ఏడ్చాడు. బావమరిది కూడా పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి లేచి, తన మెషీను మీద మరక తుడిచే గుడ్డ తెచ్చి, “ముఖం తుడుచుకో బావా, ఇంకా నల్లగా అవుతావు, ఫరవాలేదు” అన్నాడు.

ఆ మర్నాటి నుంచి మేస్త్రి ఇంట్లో, దించిన షట్టరు వెనకే పని మొదలైంది. బావమరిది గేజీ పెట్టి సిలిండరు కొలిచాడు. మేస్త్రి మనసులో పెద్ద సైజు పిస్టను వెయ్యాలని ఉంది. దానికి సిలిండరు లోపల కోసి వెడల్పు చెయ్యాలి.

“బోరింగ్ అక్కర్లేదు. లోపల గీత లేదు, తుప్పు లేదు. కోస్తే అక్క చేసిందంతా రజనుగా పోతుంది” అన్నాడు బావమరిది.

“అయితే ముట్టుకోకు” అన్నాడు మేస్త్రి వెంటనే.

పాత పిస్టనే ఉంచి రింగులు కొత్తవి వేశారు. వాల్వులు నూరి కూర్చోబెట్టారు, అలసిపోయిన స్ప్రింగులు మార్చారు. ఎండి బిగుసుకుపోయిన బెండు వాషర్ల బదులు రబ్బరు సీళ్ళు వేశారు. ఆ కాలపు ఇంజన్‌లో నూనె వడకట్టడానికి ఒక వల తప్ప ఏమీ లేదు. నూనె తిరిగొచ్చే దారిలో మేస్త్రి చిన్న ఫిల్టరు అమర్చాడు. అసలు మార్పు నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్‌ది. పాతకాలపు పాయింట్లతో రవ్వ సమయం తప్పితే కిక్కురాడ్డు ఎదురుతన్నేది. ఇప్పుడు మేస్త్రి మోకాలు ఆ తన్ను తినే స్థితిలో లేదు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడదామన్నాడు. దాన్ని బిగించే పళ్ళెం బావమరిది లేత్ మీద చేసిచ్చాడు.

“ముసలిదానికి పళ్ళు కట్టిస్తున్నావా బావా?”

“నోర్ముయ్‌రా. మీ అక్క సవతి అది. వరసకి నీకు అక్కే. మర్యాదగా మాట్లాడు.”

ఆ మాట అన్నాక ఇద్దరూ నవ్వబోయి ఆగారు. నవ్వాల్సిన మూడో మనిషి లేదు.

రోజూ పని అయ్యాక బావమరిది ఇంటికి పోయేవాడు. మేస్త్రి ఒక్కడే ఉండేవాడు. దుమ్ము పడకుండా ఆ బిరడాలు మళ్ళీ రంధ్రాల్లో పెట్టేవాడు, మెల్లగా, ఆవిడ పెట్టినట్టే నాడా బయటికి ఉండేలా. ఆవిడ ఇదంతా ఎప్పుడు చేసేదో అని ఆలోచించేవాడు. ఆయన సామాన్లకని బయటికెళ్ళినప్పుడు చేసి ఉంటుంది. ఆ చిన్న కొట్టులో నడుం వంచుకుని, మేకుకి తగిలించిన పానా తీసి, ప్లగ్గు విప్పి, నూనె పోసి, రెండు తిప్పులు తిప్పి ఉంటుంది. మళ్ళీ బిగించేటప్పుడు మర పాడవుతుందని భయపడి చేత్తోనే వదిలేసి ఉంటుంది. బిరడాలు గాలీ తేమా సోకనివ్వలేదు గనకే, ఆవిడ పోయాక ఈ ఏడాది కూడా పట్టేయలేదు. ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు? చెబితే ‘నా పనిలో నీకెందుకు’ అని విసుక్కునేవాడు, అదీ నిజమే. ఏ పూటా ఇంత ఒంటరిగా అనిపించలేదు ఆయనకి. ఆవిడ పోయినప్పుడు కూడా ఇంతలేదు.

ఇంజన్ కట్టడం పూర్తయిన రోజు, మధ్యాహ్నం, దాన్ని ఇనప స్టాండు మీద బిగించి షట్టరు గది మధ్యలో పెట్టారు. గోడ మేకుకి పెట్రోలు సీసా వేలాడదీసి గొట్టం కలిపారు. ఏడాది తర్వాత షట్టరు పైకెత్తారు. చప్పుడుకి ఎదురింటి ఆవిడ బయటికొచ్చి, “మేస్త్రిగారూ, తెరిచేశారా!” అంది. మేస్త్రి తలూపి కిక్కు కొట్టాడు.

ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు. అదే దగ్గు. ప్లగ్గు విప్పి చూశారు, నిప్పురవ్వ బ్రహ్మాండంగా ఉంది. పెట్రోలు వస్తోంది. టైమింగు సరిగ్గా ఉంది. మోకాలు నెప్పెట్టి మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. 

“ఇంతేరా. నా చేతిలో పడ్డాక ఇంతే. మీ అక్క చేతిలో ఉన్నంతసేపూ బాగానే ఉంది” అన్నాడు.

బావమరిది వంగి, పొగగొట్టం లోపలికి టార్చి వేశాడు. అలాగే ఉండిపోయాడు. తర్వాత భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాడు మేస్త్రి. కాదు, నవ్వుతున్నాడు. గొట్టం ఊడదీసి, లోపల కనిపిస్తున్న నాడా పట్టుకుని లాగాడు. నీలం గళ్ళ బిరడా ఊడి వచ్చింది. రోజూ జాగ్రత్తగా పెట్టిన బిరడా మీదే పెద్దమనిషి పొగగొట్టం బిగించేశాడు!

“ఇన్నేళ్ళ మేస్త్రీ! పొగ పోయే దారికి గుడ్డ కుక్కి కిక్కు కొడతావా! అక్క ఉంటే వీధంతా చెప్పుకుని నవ్వేది బావా!”

“నాడా బయటికే పెట్టాను, గొట్టం లోపలికి పోయినట్టుంది...” అని నసిగాడు మేస్త్రి. ఆ నసుగుడు విని బావమరిది ఇంకా నవ్వాడు. చివరికి మేస్త్రికీ నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుని, లేచి కిక్కు కొట్టాడు.

ఈసారి అంటుకుంది. ఒక్క సిలిండరు దెబ్బ గదంతా నిండిపోయింది. షట్టరు రేకు వణికింది, అరలో పానాలు గణగణలాడాయి. ఎదురింటి ఆవిడ చెవులు మూసుకుని నవ్వింది. మేస్త్రి ఇంజన్ మీద చెయ్యి వేశాడు. ‘ఎక్కడ నెప్పి?’ అని అడగలేదు. ఎక్కడా లేదు. మెల్లగా వేగం తగ్గించి, అది నిలకడగా కొట్టుకోవడం విని, ఆపేశాడు.

ఆ నిశ్శబ్దంలో బావమరిది అన్నాడు. “బావా, ఆ రోజు నేనన్న మాట...”

“సరిగ్గానే అన్నావు. ఇంకా తక్కువే అన్నావు. దీన్ని కూడా నేను చూసుకోలేదు.”

 బావమరిది బావ భుజం మీద చెయ్యి వేసి, రేపు వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

మేస్త్రి చాలాసేపు ఇంజన్ దగ్గరే నిలబడ్డాడు. ఈ చప్పుడు వినాల్సిన మనిషి వెనక గదిలో ఉండేది. అలవాటు కొద్దీ కాళ్ళు అటే నడిచాయి. ఏడాది నుంచీ ముట్టుకోని ముసుగు తీశాడు. మెషీను మీద దుమ్ము, సూది కింద సగం కుట్టిన గుడ్డ. తన గళ్ళ చొక్కా మిగతా ముక్కే. ఇంకో బిరడా మొదలెట్టినట్టుంది.

పక్కనున్న చక్రం మీద చెయ్యి వేసి తిప్పబోయాడు. తిరగలేదు. ఇంకాస్త బలంగా తిప్పాడు. కదల్లేదు. లోపల నూనె ఎండి, నూలు చుట్టుకుని, ఒక్క ఏడాదికే పట్టేసింది. ఇన్నేళ్ళు ఆవిడ ఆయనదాన్ని తిప్పుతూ వచ్చింది. ఆయన ఈ ఏడాదిలో ఆవిడదాన్ని ఒక్కసారి కూడా తిప్పలేదు.

బలవంతం చెయ్యకూడదని ఆయనకి తెలుసు. కిందున్న సొరుగు లాగితే నూనె సీసా దొరికింది, అడుగున కొంచెం ఉంది. మూత తీసి, స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ప్రపంచంలోని ఏ ఇంజన్‌కి ఎక్కడ నూనె పోయాలో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి, సీసా పట్టుకుని ఆ మెషీనుని పైనా కిందా వెతికాడు. ఎక్కడెక్కడ వెయ్యాలో ఆయనకి తెలియదు. ఆవిడ వేస్తుండగా ఒక్కసారీ చూడలేదు.